కుడి అన్నప్పుడు

సంతకానికి పెన్ను కూడా బావగారే తెచ్చారు.

ఆమె సోల్డరింగ్ కడ్డీని స్టాండులో పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని కాగితం అందుకుంది. మూడే వాక్యాలు. పసుపు విమానానికి మరమ్మతు చేసింది తానేనని, బ్యాటరీ తీగకి అతుకు సరిగా వేయలేదని, ఆదివారం మైదానంలో జరిగిన దానికి పూర్తి బాధ్యత తనదేనని. కింద ఆమె పేరు కోసం ఖాళీ వదిలారు.

"ఎవరు రాశారిది?"

"ఎవరు రాస్తే ఏంటమ్మాయ్, క్లబ్బు అడిగింది. అతుకు నల్లబడి ఉందట. క్షణంపాటు కరెంటు ఆగిపోయిందట. రిమోటు ఏం చెప్పినా విమానం వినలేదట."

"ఆ 'అట'లన్నీ కెప్టెన్ గారివేగా?"

బావగారు ముందు గదివైపు కళ్లతో సైగ చేశారు. గాజు బీరువాల మధ్య, కుర్చీలో కెప్టెనే కూర్చుని ఉన్నాడు. నిజం విమానంలో కిటికీ పక్క సీటు కోసం తప్ప దేనికోసమూ పోట్లాడి ఎరగడాయన. కానీ ముప్ఫై ఏళ్లుగా రిమోటుతో బొమ్మ విమానాలు ఎగరేస్తూ, క్లబ్బుకి అధ్యక్షుడై, ఆ పేరు సంపాదించుకున్నాడు. బావగారి షాపులో అమ్ముడయ్యే మోటార్లలో, బ్యాటరీల్లో సగం ఆయన మాట మీద అమ్ముడయ్యేవే. వెనక గదిలో ఆమె బల్ల, ఆమె పని, ఆ షాపు బతికున్నంత వరకే.

పోయిన ఆదివారం ఆ పసుపు విమానం గాల్లోకి లేచి, మొదటి మలుపులోనే పక్కకి వాలి, మైదానం అంచున గడ్డి కోసే మిషను తోస్తున్నతని మీదకి దూసుకుపోయింది. అతను ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. విమానం ముక్కున తిరిగే ఫ్యాను ఆ చెయ్యి కోసింది. రెండు వేళ్లు ఇంకా కదలడం లేదు.

ఆమె ముందు గదిలోకి వెళ్లింది. కెప్టెన్ కాళ్ల దగ్గర అట్టపెట్టెలో విమానం శకలాలు ఉన్నాయి.

"రా అతుకులమ్మా," అన్నాడు కెప్టెన్. "నీ మీద నాకేం కోపం లేదు. చెయ్యి జారడం ఎవరికైనా మామూలే. ఒప్పుకుంటే సరిపోతుంది."

ఆమె వంగి, శకలాల్లోంచి బ్యాటరీ తీగ పైకి తీసింది. కొసన తాను వేసిన అతుకు. మసి పట్టి ఉంది, నిజమే. బొటనవేలితో నొక్కింది. కదల్లేదు. అప్పుడు నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఇదే అతుకు. ముట్టుకోను. విమానం మళ్లీ కట్టి ఇస్తాను, మీరే ఎగరెయ్యండి. గడ్డి మిషనాయన నిలబడ్డ చోట నేను నిలబడతాను."

బావగారు పెన్ను మూత పెట్టడం మర్చిపోయారు.

కెప్టెన్ ఆమెని కిందనుంచి పైకి చూసి, నవ్వాడు. "సరే. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి. బాగా ఎగిరితే ఆ కాగితం నేనే చింపేస్తాను. ఎగరకపోతే సంతకం పెట్టి, ఇక ఈ షాపు గడప తొక్కకు."

"అలాగే. రిమోటు ఒక్కసారి ఇస్తే…"

"రిమోటు నా పెట్టెలో తాళం వేసి ఉంది. ఆదివారం నుంచి దాని స్విచ్చి కూడా నొక్కలేదు. సాక్ష్యం కదమ్మా, ఎట్లా ఇస్తాను?"

*

"విమానానికి కాదు, నీ నోటికి వెయ్యాల్సింది జిగురు," అంది అత్తగారు.

గురువారం సాయంత్రం. వంటగది బల్ల మీద పాత్రలన్నీ ఒక పక్కకి జరిగిపోయాయి. మధ్యలో పసుపు విమానం, పోస్టుమార్టం బల్ల మీద పడుకోబెట్టినట్టు. రెక్క నడిమికి విరిగింది. ముక్కు నలిగిపోయింది. లోపలి కార్బన్ ఊచ చీలి, చీపురు పుల్లల్లా విచ్చుకుంది. ఆమె భర్త లారీ తీసుకుని వెళ్తే పది రోజులకి గాని రాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

"మీ పెద్దకొడుకు పెన్ను కూడా తెచ్చారత్తయ్యా."

"వాడి సంగతి నాకు చెప్పకు. చిన్నప్పుడు పిల్లి అరిస్తే మంచం కింద దూరేవాడు. ఇప్పుడు కెప్టెన్ దగ్గితే దూరుతున్నాడు." అత్తగారు కోడలు చూపించిన చోట రెండు చేతులతో రెక్కని నొక్కి పట్టుకుంది. "ఎంతసేపు?"

"జిగురు ఆరేదాకా. పావుగంట."

"నా ముక్కు దురద పెడితే?"

"నేను గోకుతాలెండి."

ముందుగా భయపడాల్సింది బ్యాటరీ గురించి. దెబ్బ తగిలి అది దిండులా ఉబ్బింది. అలా ఉబ్బినది ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. నీళ్లు పోసినా ఆ మంట ఓ పట్టాన లొంగదు. పెరట్లో పాత బకెట్టులో ఇసక పోసి, దాన్ని అందులో పాతిపెట్టి వచ్చింది. అయినా గంటకోసారి కిటికీ లోంచి చూస్తూనే ఉంది. ఇసక ఇసకలాగే ఉంది.

రెక్క కోసం కొత్త కార్బన్ ఊచ కోసింది. ముక్కుకి మెత్తటి ఫోమ్ ముక్క చెక్కి అతికించింది. వంకర ఇరుసు తీసేసి మోటారుకి కొత్తది వేసింది. అతుకు జోలికి మాత్రం పోలేదు. దానికి చిన్న ఎర్ర దారం కట్టింది, ఆదివారం అందరూ చూసి గుర్తుపట్టాలని.

పది దాటాక అత్తగారు అడిగింది. "నిజం చెప్పు. అతుకు మంచిదేనా?"

"మంచిదే."

"మరి ఆ స్క్రూ మూడోసారి ఎందుకు బిగిస్తున్నావు?"

ఆమె స్క్రూ డ్రైవరు కింద పెట్టింది. మళ్లీ తీసుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం గడ్డి మిషనాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. వీధి చివర ఒంటి గది. తలుపు పక్కన మిషను పెట్టి ఉంది, దాని బ్లేడుకి గోనెసంచి చుట్టి. అతను కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అరవై ఉంటాయేమో. ఆమె ఎవరో చెప్పగానే ముఖం ముడుచుకున్నాడు.

"నువ్వేనా అతుకేసింది?"

"నేనే అన్నా."

"సంతకానికొచ్చావా? నా చేత కూడా ఓ కాగితం మీద పెట్టించుకుపోయారు. విమానాలెగిరే గీత దాటి లోపలికొచ్చానని రాశారు. నేను దాటలేదమ్మా. ఆ సున్నం గీత గీసిందే నేను, నాకు తెలీదా?"

"సంతకానికి రాలేదు. ఆరోజు ఏం చూశావో అడగడానికి వచ్చాను."

అతను కట్టు చేతి వేళ్లు కదిపి చూశాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కదిలాయి. మిగతా రెండూ కదల్లేదు.

"చప్పుడు," అన్నాడు. "ముందు చప్పుడు. తేనెటీగల తుట్టె మీదకొచ్చినట్టు. నా చెయ్యి తగిలేదాకా ఆగలేదు. తగిలాక కూడా తిరుగుతూనే ఉంది."

కరెంటు ఆగలేదు. చివరిదాకా మోటారు తిరిగింది. అతుకు వదల్లేదు.

"తర్వాత ఆయన్ని చూశాను. కెప్టెన్ని. ఆయనా నన్ను చూశాడు. ఒళ్లంతా అటు వాల్చేశాడమ్మా, పక్కకి, నా నుంచి దూరంగా. సైకిలు తిప్పేటప్పుడు పిల్లలు వాలతారే, అట్లా. పాపం, తప్పించాలనే చూశాడు. కానీ ఆయన అటు వాలినకొద్దీ అది ఇటే వచ్చింది."

"ఇంకోసారి చెప్పన్నా."

"అటు వాలినకొద్దీ ఇటు వచ్చింది."

బొమ్మ విమానాలు ఎగరేసే వాళ్లందరికీ ఆ అలవాటుంటుంది, రిమోటుతో పాటు ఒళ్లు కూడా వాల్చడం. ఆయన ఎడమకి తిప్పాడు. విమానం కుడికి వాలింది. ఇంకా ఎడమకి తిప్పాడు. ఇంకా కుడికి వాలింది. అంటే కుడి ఎడమలు తారుమారయ్యాయి. రెక్క వెనక అంచున తలుపుల్లా లేచి దిగే పలకలుంటాయి. వాటిని లాగేవి అగ్గిపెట్టెంత సర్వో మోటార్లు. అవి తిరగాల్సిన దిక్కుకి బదులు రెండో దిక్కుకి తిరిగాయి.

ప్రమాదానికి మూడు రోజుల ముందు, గురువారం, ఆ రెండు సర్వోలూ మార్చింది తానే.

"ఏమ్మా, నీళ్లు తాగుతావా? పాలిపోయావు," అన్నాడతను.

*

షాపులో ఆమె బల్ల సొరుగులో ఓ నోటుపుస్తకం ఉంది. ప్రతి విమానానికీ ఒక పేజీ. మరమ్మతు అయ్యాక చూడాల్సినవి వరసగా: స్క్రూలు. అతుకులు. ఫ్యాను. కుడి. ఎడమ. పైకి. కిందికి. ఒక్కోదాని పక్కన ఒక్కో టిక్కు.

శనివారం పొద్దున బావగారు షాపు తెరవకముందే తాళం తీసి, ఆ పేజీ తెరిచింది. టిక్కులన్నీ ఉన్నాయి. ఏడు. కానీ ఏడూ ఒకే ఊపులో పెట్టినవి, పెన్ను కాగితం మీంచి పెద్దగా లేవకుండా, ఒకదాని తోక ఇంకోదాన్ని తాకుతూ. సర్వోలు మార్చిన ఆ గురువారం కెప్టెన్ రిమోటు తెచ్చాడు. ఎదురుగా నిలబడి తొందర పెట్టాడు. రిమోటు మీద పుల్ల తిప్పి చూశాను, అనుకుంది. పలకలు కదిలాయి. కదిలాయి సరే, ఎటు కదిలాయి? కళ్లు మూసుకుంది. పలకలు గుర్తొస్తున్నాయి, వాటి కదలిక గుర్తొస్తోంది, దిక్కు మాత్రం గుర్తు రావడం లేదు.

బావగారు రాగానే అడిగింది. "రిమోటు ఒక్క నిమిషం ఇప్పించండి. మీ ఎదురుగానే చూస్తాను."

బావగారు ఫోను చేశారు. అటువైపు గొంతు షాపంతా వినిపించింది. "దాంతో ఏం మార్చేస్తుందో ఎవరికి తెలుసయ్యా? రేపు మైదానంలోనే చూసుకోమను!"

బావగారు ఫోను కింద పెట్టి, గొంతు తగ్గించారు. "అమ్మాయ్, ఇప్పటికైనా సంతకం పెట్టేసెయ్. రేపు అక్కడ నిలబడకు. అమ్మ రాత్రంతా నిద్రపోలేదట."

"మీరు పడుకున్నారా బావగారూ?"

ఆయన బీరువా అద్దం తుడవడం మొదలుపెట్టారు. శుభ్రంగా ఉన్న అద్దమే.

రిమోటు లేకుండా ఆమె చేయగలిగింది ఒక్కటే. సర్వోలకి పరీక్ష పెట్టె తగిలించి, రెండింటినీ సరిగ్గా నడిమధ్యన నిలిపి, రెక్క అంచుకి స్కేలు ఆనించి, పలకల్ని బల్లపరుపుగా బిగించింది. వెంట్రుక కూడా దూరనంత సమంగా. విమానాన్ని రెక్కల కింద రెండు చూపుడువేళ్ల మీద నిలబెట్టింది. ముక్కు ఇంత వంగి, ఊగి, ఆగింది. బరువు సరిపోయింది. అంతా సరిపోయింది. ఆ ఒక్కటి తప్ప. అది రేపు ఎనిమిదింటికి, వంద అడుగుల దూరంలో తాను నిలబడ్డాక గాని తెలియదు.

సాయంత్రం మళ్లీ గడ్డి మిషనాయన ఇంటికి వెళ్లింది. విమానం అతని మంచం మీద పెట్టి, వెనక వైపు కూర్చుంది.

"రేపు నువ్వు రావాలన్నా. నేను దూరంగా ఉంటాను, నాకు కనపడదు. నువ్వు దీని పక్కన నిలబడు. ఆయన్ని పుల్ల కుడికి తిప్పి 'కుడి' అనమంటాను. అప్పుడు కుడి రెక్క మీద ఈ పలక పైకి లేవాలి. కిందికి దిగిందంటే చెయ్యెత్తు."

"దిగితే ఏంటి?"

"నీ చెయ్యి కోసింది నేనే అని."

అతను పలక మీదకి వంగాడు. మంచి చేతి వేలితో మెల్లిగా పైకి లేపి, వదిలాడు. "కుడి అంటే పైకి," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

*

ఆదివారం మైదానంలో గాలి లేదు. క్లబ్బు వాళ్లు పదిమంది దాకా టీ కప్పులు పట్టుకుని గుంపుగా నిలబడ్డారు. బావగారి చొక్కా జేబులో ఆ కాగితం మడత కనిపిస్తోంది. అత్తగారు రానంటే రానని చెప్పి, అందరికంటే ముందొచ్చి కూర్చుంది.

కెప్టెన్ పెట్టె తాళం తీసి, అందరికీ కనపడేలా రిమోటు పైకెత్తాడు. "చూసుకోండి. ఆరోజు ఎలా పెట్టానో అలాగే ఉంది." ఎర్ర దారం కట్టిన అతుకుని వేలితో మీటి, పెదవి విరిచి, కొత్త బ్యాటరీ తగిలించాడు. విమానం సన్నగా కూసింది.

ఆమె నడవడం మొదలుపెట్టింది. సున్నం గీత దాటాక గడ్డి సగం కోసి, సగం వదిలేసి ఉంది. ఆరోజు పని ఎక్కడ ఆగిందో అక్కడ గోడ కట్టినట్టు కనిపిస్తోంది. ఆ అంచున గడ్డి మీద మరక ఇంకా ఉంది. నల్లగా, ఎండి. ఆమె దాని పక్కన నిలబడి ఇటు తిరిగింది. ఇంత దూరం నుంచి విమానం అరచేతిలో ఇమిడేంత ఉంది.

"కెప్టెన్ గారూ! ఎగరేసే ముందు కుడి ఎడమలు చూపించండి!" అని అరిచింది.

ఆయన నవ్వు అక్కడికి కూడా వినిపించింది. "ముప్ఫై ఏళ్లుగా ఎగరేస్తున్నానమ్మా! అదంతా నిన్న మొన్న చేరినవాళ్లకి!"

"ఆమె నిలబడింది కదండీ," అన్నాడు గడ్డి మిషనాయన. కట్టు చెయ్యి గుండెకి ఆనించుకుని విమానం వెనక్కి వచ్చాడు. "చూపిస్తే పోయేదేముంది?"

అందరూ ఆ కట్టు వైపు చూశారు. కెప్టెన్ భుజాలెగరేసి, పుల్ల తిప్పాడు. "ఇదిగో, కుడి."

ఆమెకి పలక కనపడలేదు. గడ్డి మిషనాయన వంగడం కనిపించింది. లేవకుండా అలాగే ఉండిపోవడం కనిపించింది. తర్వాత తెల్లటి కట్టు మెల్లిగా పైకి లేచింది.

నేనే. ఆ వేళ్లు కోసింది నేనే. టిక్కు పెట్టి, చూడకుండా, నేనే.

వెనక్కి నడిచింది. వంద అడుగులు. బావగారి చెయ్యి జేబు మీదకి వెళ్లింది. "సర్వోలు మార్చింది నువ్వేగా అమ్మాయ్," అన్నారు. కెప్టెన్ మాత్రం తేలిగ్గా ఊపిరి వదిలాడు. "అతుకు కాకపోతే ఇది. ఏదైతేనేం, చెయ్యి నీదే కదా."

ఆమె విమానం పక్కన కూలబడింది. కళ్లు తనకి తెలియకుండానే రెక్క అంచు మీదకి పోయాయి. అక్కడే ఆగిపోయాయి.

కెప్టెన్ వేలు పుల్ల మీద లేదు. అంతా నడిమధ్యన ఉండాలి. కానీ రెండు పలకలూ వేలి మందాన పైకి లేచి ఉన్నాయి, ఆశ్చర్యపోయిన కనుబొమల్లా. నిన్న స్కేలు పెట్టి బిగించింది. వెంట్రుక కూడా దూరలేదు.

"కెప్టెన్ గారూ," అంది. "రిమోటు తెర మీద ఏ విమానం పేరుంది?"

"ఏ పేరుంటుంది? దీని పేరే."

"చదవండి."

ఆయన కళ్లద్దాల కోసం జేబు తడుముకున్నాడు. దొరకలేదు. దొరికాయి. పెట్టుకున్నాడు. చూశాడు. చదవలేదు.

అత్తగారు కుర్చీలోంచి కేకేసింది. "ఒరే పెద్దోడా! ఆయనకి కనపడటం లేదుగానీ, నువ్వు చదువు!"

బావగారు కెప్టెన్ వైపు చూశారు. తల్లి వైపు చూశారు. వంగి తెర చూశారు. "తెల్ల గ్లైడర్," అని చదివారు.

ఒకే రిమోటులో పది విమానాల లెక్కలు దాచుకోవచ్చు. ఏది ఎగరేస్తే దాని పేజీ తెరవాలి. కెప్టెన్ తెల్ల గ్లైడర్‌లో సర్వోలు తిరగేసి బిగించి ఉంటాయి, అందుకే దాని పేజీలో కుడి ఎడమలు తారుమారుగానూ, పలకల నడిమధ్య స్థానం కాస్త పైకీ ఉంటాయి. ప్రమాదానికి ముందు శనివారం ఆయన దాన్ని ఎగరేశాడు. అక్కడున్న సగంమంది చూశారు కూడా. ఆదివారం పేజీ మార్చకుండా పసుపుదాన్ని గాల్లోకి వదిలాడు. వారమంతా ఆ పేజీనే సాక్ష్యమని తాళం వేసి దాచాడు.

"పాత రిమోటు," అన్నాడు కెప్టెన్. ఎవరి వైపూ చూడకుండా. "బటను… జారిపోయి ఉంటుంది."

"మీరు అటు వాలారు బాబూ," అన్నాడు గడ్డి మిషనాయన మెల్లిగా. "నేను చూశాను. తప్పించాలనే వాలారు."

కెప్టెన్ రిమోటు ఆమె వైపు చాచాడు.

ఆమె రిమోటు అందుకుంది. పేజీలు జరిపింది. పసుపు విమానం పేరు వచ్చింది. పలకలు రెండూ సద్దు లేకుండా దిగి, రెక్కతో సమంగా నిలిచాయి. పుల్ల కుడికి తిప్పింది. కుడి పలక పైకి లేచింది. సర్వోలు సరిగానే ఉన్నాయి. గుంపులో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అత్తగారు లేచి నిలబడింది.

ఆమె అక్కడితో ఆగితే సరిపోయేది.

"అన్నా," అంది, గడ్డి మిషనాయన వైపు తిరిగి. "ఆ గురువారం నేనూ చూడలేదు. చూశానని టిక్కు పెట్టాను, అంతే. సరిగ్గా ఉండటం నా అదృష్టం."

అతను తలూపాడు. కోపంగా కాదు, అలాగని మన్నించినట్టూ కాదు. "ఇప్పుడు చూశావుగా," అన్నాడు.

బావగారు జేబులోంచి కాగితం తీసి, కెప్టెన్ చింపడానికి అందించారు. ఆయన చెయ్యి ముందుకు రాలేదు. చివరికి బావగారే దాన్ని నిలువునా చింపారు. రెండు ముక్కలూ మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

"అయితే ఇంటికేనా?" అంది అత్తగారు.

"ఎగరలేదు కదత్తయ్యా. మాటిచ్చాను."

రిమోటు కెప్టెన్ చేతికి తిరిగి ఇచ్చి, మళ్లీ నడిచింది. సున్నం గీత దాటింది. మరక పక్కన నిలబడి, ఇటు తిరిగింది. దూరంగా, విమానం దగ్గర, కెప్టెన్ చేతిలో రిమోటు యాంటెన్నా వణుకుతోంది. ఎండలో అది మెరిసి ఆరిపోతూ, మెరిసి ఆరిపోతూ ఉంది.

ఆయన పుల్ల తిప్పాడు.

"కుడి," అని మైదానమంతా వినపడేలా కేకేశాడు. మోటారు మీటని ముట్టుకోకుండా, తల తిప్పి, గడ్డి మిషనాయన వంగి చూసి చెప్పేదాకా ఆగాడు.